బొంబాయి పోతే ఎక్కడ దిగాలి?

పాఠకుల ప్రశ్నలు – ప్రయాణ విభాగం జవాబులు

పాలమూరుకు, బొంబాయికి బంధం ఈనాటిది కాదు. మట్టి పనికి పోయినవాళ్లు, మగ్గాల పనికి పోయినవాళ్లు వేసిన బాట అది. ఇప్పుడు అదే బాటలో దవాఖానకు, ఇంటర్వ్యూకు, చుట్టాల పెళ్లికి, పిల్లలకు సముద్రం చూపించడానికి పోయేవాళ్లు కూడా పెరిగారు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో అందరూ అడిగింది రూము ఎక్కడ తీసుకోవాలనే. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాం.

ఇద్దరు పెద్దలం, ముగ్గురు పిల్లలం. మూడు రోజులు ముంబయి చూసి రావాలని ఉంది. ఫోన్‌లో వెతికితే విరార్‌లో, వాషిలో రూములు చవకగా కనబడుతున్నయి. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర చూస్తే దాదాపు రెట్టింపు ఉంది. దూరంగా రూము తీసుకొని లోకల్ రైల్లో తిరిగితే సరిపోదా? – ఒక పాఠకుడు, జడ్చర్ల

సరిపోదు. కిరాయిలో మిగిలిన పైసలు ప్రయాణంలో పోతాయి, వాటితోపాటు రోజుకు మూడు నాలుగు గంటలు పోతాయి. కారణం ఆ ఊరి ఆకారంలోనే ఉంది. హైదరాబాద్ నలుదిక్కులా పెరిగింది. ముంబయికి మూడు వైపులా నీళ్లు కాబట్టి దక్షిణం కొస నుంచి ఉత్తరానికి పొడుగ్గా సాగింది. దక్షిణాన ఉన్న చర్చ్‌గేట్ నుంచి విరార్ 60 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్‌లో బయల్దేరితే షాద్‌నగర్ దాటిపోయేంత దూరం.

ఈ పొడవునా జనాన్ని మోసేవి లోకల్ రైళ్లు. పడమర వైపు వెస్టర్న్ లైన్: చర్చ్‌గేట్, ముంబయి సెంట్రల్, దాదర్, బాంద్రా, అంధేరి, బోరివలి, విరార్. మధ్యన సెంట్రల్ లైన్: పాతవాళ్లు వీటీ అనే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ (సీఎస్‌ఎంటీ), దాదర్, కుర్లా, ఘాట్కోపర్, ఠాణే, కల్యాణ్. తూర్పున హార్బర్ లైన్: సీఎస్‌ఎంటీలో మొదలై వడాలా, కుర్లా, చెంబూర్, వాషి మీదుగా పన్వేల్ దాకా. ఒకే లైన్ మీద 20 కిలోమీటర్లు పోవడం తేలిక. లైన్ మారాల్సి వస్తేనే తిప్పలు. వెస్టర్న్ నుంచి సెంట్రల్‌కు దాదర్‌లో, సెంట్రల్ నుంచి హార్బర్‌కు కుర్లాలో మారాలి. ఆ రెండు స్టేషన్ల బ్రిడ్జీల మీద సాయంత్రం పూట పిల్లల చెయ్యి పట్టుకొని నడవడమే కష్టం. హార్బర్ రైలు దాదర్‌కు పోదన్న సంగతి చాలామంది వాషిలో రూము తీసుకున్నాక తెలుసుకుంటారు.

అందుకే రూము వెతికే ముందు, మీరు చూడాల్సినవి, చేయాల్సిన పనులు ఏ లైన్ మీద ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. ఎక్కువ పనులు ఏ లైన్ మీద పడితే ఆ లైన్ మీదే రూము చూడండి. కిలోమీటర్ల లెక్క, కిరాయి లెక్క దాని తరువాతే.

రద్దీ ఎటు పోతుందో కూడా చూసుకోవాలి. పొద్దున 8 నుంచి 11 దాకా జనమంతా దక్షిణానికి, అంటే చర్చ్‌గేట్, సీఎస్‌ఎంటీ వైపు పోతారు. సాయంత్రం 5 నుంచి 9 దాకా వెనక్కి ఉత్తరానికి వస్తారు. విరార్‌లో ఉండి గేట్‌వే చూడబోతే పొద్దున, సాయంత్రం రెండు పూటలా ఆ రద్దీలోనే మీరుంటారు. దక్షిణాన దిగితే పొద్దున ఉత్తరానికి పోయే రైళ్లలో సీటు కూడా దొరుకుతుంది.

మూడు రోజులకు, పిల్లలతో అంటే మా మొదటి సలహా సీఎస్‌ఎంటీ, ఫోర్ట్, చర్చ్‌గేట్ మధ్య ప్రాంతం. గేట్‌వే, మ్యూజియం, మెరైన్ డ్రైవ్ అన్నీ నడిచో, పది నిమిషాల ట్యాక్సీలోనో అందుతాయి. మధ్యాహ్నం పిల్లలు అలసిపోతే రూముకు వచ్చి పడుకోబెట్టవచ్చు. కిరాయి ఎక్కువ, రూము చిన్నది, ఆ రెండూ ఒప్పుకోవాల్సిందే. అక్కడ కుదరకపోతే గ్రాంట్ రోడ్, ముంబయి సెంట్రల్ చుట్టుపక్కల చూడండి. అదీ కాకపోతే దాదర్. రెండు లైన్లు కలిసే చోటు కాబట్టి ఎటైనా పోవచ్చు, హైదరాబాద్ రైళ్లు అక్కడే ఆగుతాయి. పక్కనే మాటుంగాలో అన్నం, సాంబారు, ఇడ్లీ దొరికే పాత హోటళ్లున్నాయి. జొన్నరొట్టె కావాలంటే మరాఠీ భోజన హోటళ్లలో జ్వారీ భాకరీ అని అడగండి, మన రొట్టెనే.

యాప్‌లో ‘ముంబయి’ అని ఉంటే నమ్మకండి, పిన్‌కోడ్ చూడండి. 4000 తో మొదలైతే, లేదా 400101 లాంటిదైతే అది ముంబయి. 4006 అంటే ఠాణే, 4007 అంటే నవీ ముంబయి. 401 తో మొదలైతే మీరా రోడ్, వసాయ్, విరార్. 410 అంటే పన్వేల్, ఖార్‌ఘర్ వైపు. 421 అంటే డోంబివలి, కల్యాణ్, భివండి. ఫొటోల కంటే ఈ ఆరు అంకెలు నిజం చెబుతాయి.

తరువాత చూడాల్సింది ఈస్టా, వెస్టా అన్నది. అక్కడ ప్రతి స్టేషన్‌కు పట్టాలకు తూర్పున ఒక ఊరు, పడమర ఒక ఊరు ఉన్నట్టే. మ్యాప్‌లో స్టేషన్‌కు 400 మీటర్లని చూపిస్తుంది. మీరు దిగేది అవతలి వైపైతే బ్రిడ్జి ఎక్కి దిగాలి. బండిలో వస్తే ఎక్కడో ఉన్న ఫ్లైఓవర్ దాకా చుట్టు తిరగాలి. అంధేరిలో ఈ పొరపాటుకు అరగంట పడుతుంది. హోటల్‌కు ఫోన్ చేసినప్పుడు ‘స్టేషన్ సే పైదల్ కిత్నా మినిట్, ఈస్ట్ యా వెస్ట్’ అని అడగండి. తేలిగ్గా జవాబు రాకపోతే ఆ హోటల్ స్టేషన్‌కు దగ్గర్లో లేనట్టే.

దక్షిణాన ఆటోలు ఉండవు. బాంద్రా, సయన్ దాటి లోపలికి ఆటోలను రానివ్వరు. అక్కడ నలుపు, పసుపు ట్యాక్సీలే. మొదటి ఒకటిన్నర కిలోమీటరుకు ట్యాక్సీకి 31 రూపాయలు, ఉత్తరాన ఆటోకు 26. ఈ రేట్లు 2025 ఫిబ్రవరి నుంచి ఉన్నాయి. అర్ధరాత్రి 12 నుంచి 5 దాకా పావు వంతు ఎక్కువ. మీటరు వేయించుకోండి. ఐదుగురు ఒక ట్యాక్సీలో పట్టరంటే గొడవపడకుండా ముందే లెక్కలో వేసుకోండి.

మూడు రోజులను వారం చూసి పెట్టుకోండి. ఎలిఫెంటా గుహలకు, బోరివలి అడవిలోని కన్హేరీ గుహలకు సోమవారం సెలవు. బైకుల్లా జూ బుధవారం ఉండదు. ఆదివారం పగలు మరమ్మతుల కోసం సెంట్రల్, హార్బర్ లైన్లలో కొన్ని రైళ్లు ఆపుతారు, దాన్నే మెగా బ్లాక్ అంటారు. ఆ రోజు దూరం పోకుండా మెరైన్ డ్రైవ్, గేట్‌వే, మ్యూజియం పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

మా నాయినకు నోటి క్యాన్సర్ అని చెప్పిండ్రు. టాటా దవాఖానకు తీసుకపోదామనుకుంటున్నం. నేను, మా అమ్మ వెంట వస్తం. ఎన్ని రోజులకు రూము తీసుకోవాలి, ఎక్కడ? దవాఖానలోనే ఉండనిస్తరా? – ఒక పాఠకుడు, కోస్గి

ముందుగా ఒక మాట. టాటా మెమోరియల్ సెంటర్ వాళ్లదే ఒక క్యాన్సర్ ఆసుపత్రి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో ఉంది, హోమీ భాభా పేరుతో. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీ డాక్టరుతో మాట్లాడి, ముంబయే అవసరమని తేల్చుకున్నాకే బయల్దేరండి. నెలల తరబడి చికిత్సలో ఇంటికి దూరంగా ఉండడమే పెద్ద ఖర్చు, పెద్ద కష్టం.

ముంబయే అని తేలితే, టాటా ఎక్కడిదో కాగితం మీద చూడండి. పెద్ద దవాఖాన పరేల్‌లో ఉంది. ఇంకొకటి నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో ఉంది, దాన్ని ఆక్ట్రెక్ అంటారు. రెంటికీ మధ్య ఊరి సగం ఉంటుంది. మొదట పరేల్‌లో చూపించుకున్నా తరువాత రేడియేషన్‌కో, ఇంకొక చికిత్సకో ఖార్‌ఘర్ పొమ్మనవచ్చు. పరేల్‌లో నెలకు అడ్వాన్స్ కట్టి కూర్చున్నాక ఈ సంగతి తెలిస్తే పైసలు వెనక్కి రావు. కాబట్టి మొదటి విడతకు మూడు నాలుగు రాత్రులకే రూము తీసుకోండి. కార్డు చేయించుకోవడం, ఫైలు నంబరు రావడం, డాక్టరు చూడడం, పరీక్షలు రాయడం ఆ రోజుల్లో అవుతాయి. చికిత్స ఎక్కడ, ఎన్ని వారాలు అన్నది పరీక్షల ఫలితాలు వచ్చాక తెలుస్తుంది. అప్పుడు పొడిగించుకోండి.

ఆ మొదటి రాత్రులకు పరేల్, దాదర్ ఈస్ట్ చూడండి. హైదరాబాద్, తాండూరు వైపు నుంచి పోయే హుస్సేన్‌సాగర్ వంటి రైళ్లలో దాదర్‌లో దిగాలి, చివరి సీఎస్‌ఎంటీ దాకా పోకండి. ఈస్ట్ వైపు బయటికి వచ్చి ట్యాక్సీ ఎక్కితే దవాఖాన దగ్గరే. లోకల్‌లో పోవాలంటే పరేల్ స్టేషన్‌లో ఆగేవి స్లో రైళ్లు మాత్రమే. ఫాస్ట్ ఎక్కితే దాదర్ దాటాక బైకుల్లాలోనే ఆగుతుంది. పక్క లైన్‌లో ప్రభాదేవి స్టేషన్ ఉంది, పాత పేరు ఎల్ఫిన్‌స్టన్ రోడ్. దాని నుంచి పరేల్ స్టేషన్‌కు నడక వంతెన ఉంది.

దవాఖానలో పేషెంటును చేర్చుకుంటేనే మంచం. బయటి నుంచి వచ్చి చూపించుకునేవాళ్లకు, వెంట వచ్చినవాళ్లకు లోపల చోటుండదు. బయట పుట్‌పాత్ మీద ఫైళ్లు తలకింద పెట్టుకొని పడుకున్నవాళ్లు కనబడతారు. వాళ్లలో ధర్మశాల సంగతి తెలియక అక్కడ ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టే ఇది వివరంగా రాస్తున్నాం.

క్యాన్సర్ రోగుల కోసం దాదర్ ఈస్ట్‌లో సంత్ గాడ్గే మహారాజ్ ధర్మశాల ఉంది. పరేల్‌లో నానా పాల్కర్ స్మృతి సమితి ఉంది. బాంద్రాలో టాటా వాళ్లదే డాక్టర్ ఎర్నెస్ట్ బోర్జెస్ హోమ్ ఉంది. చిన్నపిల్లలకు క్యాన్సర్ అయితే సెయింట్ జూడ్ వాళ్ల కేంద్రాల్లో తల్లిదండ్రులతో సహా ఉచితంగా ఉండనిస్తారు. ఇటువంటి చోట్లకు నేరుగా పోయి అడిగితే సాధారణంగా ఇవ్వరు. ఫైలు నంబరు రాగానే దవాఖానలోని మెడికల్ సోషల్ వర్క్ విభాగానికి పోండి. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, డాక్టరు రాసిన కాగితాలు చూపించి వసతి కావాలని అడగండి. వాళ్లిచ్చే చీటీ మీదే చోటు దొరుకుతుంది. ఖాళీ లేదంటే వెయిటింగులో పేరు రాయించుకొని, రోజూ పొద్దున పోయి అడగండి. ఒకసారి అడిగి ఊరుకున్నవాళ్లకు చోటు దొరకదు. వెంట ఒక్కరినో ఇద్దరినో మాత్రమే ఉండనిస్తారు కాబట్టి మీరు, మీ అమ్మ ఇద్దరూ ఉండవచ్చా అన్నది అప్పుడే తేల్చుకోండి. వైద్యం ఖర్చుకు సాయం గురించి కూడా అదే విభాగంలో అడగాలి.

దవాఖాన గేటు బయట, స్టేషన్‌లో ‘రూము ఇప్పిస్తా, కార్డు తొందరగా చేయిస్తా’ అని వెంటపడేవాళ్లకు పైసా ఇవ్వకండి. కార్డు కౌంటర్‌లోనే అవుతుంది.

కిరాయికి ఇల్లు తీసుకోవాల్సి వస్తే చూడాల్సినవి వేరు. కీమో మొదలయ్యాక రోగికి ఇన్‌ఫెక్షన్ తొందరగా సోకుతుంది. పదిమంది వాడే మరుగుదొడ్డి ఉన్న చోటు చవకైనా వద్దు. నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక గట్టిగా నమలలేరు. పలుచని జావ, మెత్తని అన్నం, వడకట్టిన పప్పు రోజుకు ఐదారుసార్లు పెట్టాల్సి ఉంటుంది. హోటల్ తిండితో అది నడవదు. కాబట్టి పొయ్యి పెట్టుకోనిచ్చే చోటు, చిన్న మిక్సీకి కరెంటు ప్లగ్గు ఉన్న చోటు వెతకండి. మెట్లు ఎక్కాల్సిన పైఅంతస్తు తీసుకోకండి. మున్సిపల్ నీళ్లు పూటకు కొంతసేపే వదులుతారు, ఎన్ని గంటలకు వస్తాయో అడిగి బిందెలు చూసుకోండి.

రైలు టికెట్‌లో రాయితీ ఉంది. చికిత్సకు పోయివచ్చే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో మూల కిరాయి పూర్తిగా మాఫీ. వెంట పోయే ఒకరికి ఆ రెండు తరగతుల్లో 75 శాతం తగ్గిస్తారు. దవాఖాన వాళ్లు రైల్వే నమూనాలో రాసిచ్చిన సర్టిఫికెట్ కావాలి. మొదటి ప్రయాణానికి అది మీ చేతిలో ఉండకపోవచ్చు, వెనక్కి వచ్చేటప్పటికి తప్పక అడిగి తీసుకోండి. లోకల్‌లో దివ్యాంగుల డబ్బాలో క్యాన్సర్ రోగులు కూడా ఎక్కవచ్చు. ఫైలు దగ్గర పెట్టుకోండి.

మాది మునుగోడు దగ్గర. మా మేనత్త కొడుకు పెళ్లి భివండి పద్మనగర్‌లో. పదిమందిమి పోతున్నం. ముంబయిలో రూములు తీసుకొని పెళ్లికి పోయి వద్దమా? – ఒక పాఠకురాలు

వద్దమ్మా. భివండి ముంబయిలో లేదు, ఠాణే జిల్లాలో ఉంది. రైలు కల్యాణ్‌లో ఆగగానే అక్కడే దిగండి. కల్యాణ్ వెస్ట్ వైపు బయటికి వస్తే భివండికి బస్సులు, ఆటోలు ఉంటాయి. దాదర్ దాకా పోతే వచ్చిన దారినే మళ్లీ 45 కిలోమీటర్లు వెనక్కి రావాలి. భివండి రోడ్ అని రైల్వేస్టేషన్ ఉంది కానీ అది వసాయ్–దివా దారిలోది, రైళ్లు తక్కువ. దాన్ని నమ్ముకోకండి.

పద్మనగర్ నిండా మన పద్మశాలీలే, తెలుగే నడుస్తుంది. పెళ్లివారు ఫంక్షన్ హాల్ రూములు ఇస్తే అవే మేలు. లేదంటే కల్యాణ్ వెస్ట్‌లో స్టేషన్ దగ్గర తీసుకోండి. గోదాముల లారీలతో భివండి రోడ్లు ఎప్పుడూ నిండి ఉంటాయి. ముహూర్తం పొద్దున్నే అయితే ముందు రాత్రికే భివండి చేరుకోండి. పెళ్లి తరువాత ఒక రోజు ముంబయి చూడాలనుకుంటే ఆ ఒక్క రాత్రికి సామానుతో సహా సీఎస్‌ఎంటీ వైపు మారండి. కల్యాణ్ నుంచి అక్కడికి ఫాస్ట్ లోకల్‌లోనే గంట దాటుతుంది.

అణుశక్తినగర్‌లో ‘బార్క్’ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఒక్కదాన్నే పోతున్నాను. రైలు లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు పోతుంది. ఇంటర్వ్యూ పొద్దున 8:30కే. ఎక్కడ ఉంటే మంచిది? – ఒక పాఠకురాలు, వనపర్తి

చెంబూర్. తిలక్ టెర్మినస్, చెంబూర్, అణుశక్తినగర్ మూడూ ఒకే వైపున, హార్బర్ లైన్ చుట్టూ ఉన్నాయి. ఈ టెర్మినస్‌ను కుర్లా టెర్మినస్ అని కూడా అన్నా, నడిచి పోయేంత దగ్గరగా ఉన్న లోకల్ స్టేషన్ తిలక్‌నగర్. తరువాతి స్టేషన్ చెంబూర్, ఆ తరువాత గోవండి, మాన్‌ఖుర్ద్. చెంబూర్‌లో ఆటోలు మీటరు మీద నడుస్తాయి. అణుశక్తినగర్‌కు ఆటోలోనే నేరుగా పోవచ్చు, పొద్దున రైలు రద్దీ అవసరం లేదు. కాల్ లెటర్‌లో ఏ భవనం, ఏ గేటు అని రాశారో చూసుకోండి. ట్రాంబేలో బార్క్ ప్రాంగణం చాలా పెద్దది, తప్పు గేటు దగ్గర దిగితే భద్రతా తనిఖీకే సమయం పోతుంది. ముందు రోజు సాయంత్రం ఒకసారి గేటు దాకా పోయి చూసి రండి.

రూము తీసుకునేటప్పుడు స్టేషన్ నుంచి హోటల్ దాకా దారి మ్యాప్‌లోని వీధి ఫొటోల్లో చూడండి. షాపులు, బస్టాపు ఉన్న పెద్ద రోడ్డు మీద ఉండాలి. రాత్రి పూట రిసెప్షన్‌లో మనిషి ఉంటాడా, తలుపుకు లోపలి గడియ ఉందా అని ఫోన్ చేసి అడగండి. గది చూశాకే పూర్తి పైసలు కట్టండి. రైలు ఆలస్యమై అర్ధరాత్రి దాటేట్టుంటే, టెర్మినస్ బయట చుట్టుముట్టే డ్రైవర్ల మాట వినకుండా ప్రీపెయిడ్ కౌంటరో, యాప్ బండో చూసుకోండి. రైలు మరీ ఆలస్యమైతే వెయిటింగ్ హాల్‌లో తెల్లారేదాకా ఉండడం అన్నింటికంటే నయం. రాత్రి ఒంటి గంట ప్రాంతం నుంచి నాలుగు దాకా లోకల్ రైళ్లు ఉండవు.

లోకల్ ఎక్కాల్సి వస్తే ఆడవాళ్ల డబ్బాలో ఎక్కండి. ప్లాట్‌ఫారం మీది బోర్డును చదవడం నేర్చుకోండి. దాని మీద వరుసగా రైలు చివరి స్టేషన్, టైము, పక్కన ఎఫ్ గానీ ఎస్ గానీ ఒక అక్షరం, 12 లేదా 15 అనే అంకె వెలుగుతాయి. ఎఫ్ అంటే ఫాస్ట్, కొన్ని స్టేషన్లు వదిలేస్తుంది. ఎస్ అంటే స్లో, అన్నింట్లో ఆగుతుంది. చివరి అంకె డబ్బాల సంఖ్య. ఫస్ట్ క్లాస్ డబ్బా కూడా చూడ్డానికి మామూలు డబ్బాలాగే ఉంటుంది, తలుపు పక్కన రాసినది చూడక ఎక్కితే జరిమానా కట్టాలి.

డిసెంబర్ 6న చైత్యభూమికి మా ఊరి నుంచి ఇరవైమంది వస్తున్నం. దాదర్‌లో రూములు లేవంటున్నరు. – ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

ఆ రోజుకు దాదర్‌లో దొరకవు. లక్షలమంది వచ్చే బాబాసాహెబ్ అంబేడ్కర్ వర్ధంతి అది. రూముల కోసం పైసలు పోయకండి. శివాజీ పార్క్‌లో ముంబయి కార్పొరేషన్ పందిళ్లు, తాగునీళ్లు, మరుగుదొడ్లు, వైద్య శిబిరం పెడుతుంది. చాలామంది రాత్రి అక్కడే ఉంటారు. పల్చని దుప్పటి, టార్చి, మందులు, ఒక పూట రొట్టెలు తెచ్చుకుంటే చాలు. మీ గుంపులో ముసలివాళ్లు, చిన్నపిల్లల తల్లులు ఉంటే వాళ్లకు మాత్రం గ్రాంట్ రోడ్, బైకుల్లా, కుర్లా వైపు రెండు మూడు రూములు తీసుకోండి. 5వ తేదీ రాత్రి లోకల్ రైళ్లు కూడా అదనంగా నడుపుతారు.

చైత్యభూమి దాదర్ వెస్ట్‌లో, సముద్రం ఒడ్డున. బాబాసాహెబ్ నివసించిన రాజగృహ దాదర్ ఈస్ట్‌లో, హిందూ కాలనీలో. రెండూ చూడాలంటే 6న చైత్యభూమి, 7న రాజగృహ పెట్టుకోండి. గుంపు విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. ఆ రోజు అంత జనంలో ఫోన్లు కలవడం కష్టం.

జులైలో అమ్మను తీసుకొని సిద్ధివినాయక, మహాలక్ష్మి దర్శనానికి పోవాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్సులో పోతే మంచిదా? – ఒక పాఠకురాలు, మక్తల్

మీకు రాయచూరు, యాదగిరి మీదుగా పోయే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, మోకాళ్ల నొప్పులున్న మనిషికి బస్సు కంటే రైలే మేలు. మన వైపు నుంచి పోయే బస్సులు పన్వేల్, ఖార్‌ఘర్, వాషి, చెంబూర్, సయన్ దారిలో ఊళ్లోకి వస్తాయి. బస్సే అయితే చివరి స్టాప్ దాకా పోకుండా సయన్ ప్రాంతంలో ఎక్కడ ఆపుతారో ముందే డ్రైవర్‌ను అడిగి దిగండి, అక్కడి నుంచి దాదర్ దగ్గర.

రూము దాదర్ వెస్ట్ లేదా ప్రభాదేవిలో తీసుకోండి. భూగర్భ మెట్రో, అంటే లైన్ 3, 2025 అక్టోబర్ నుంచి పూర్తిగా నడుస్తోంది. దానికి దాదర్‌లో, సిద్ధివినాయక గుడి దగ్గర, మహాలక్ష్మిలో, సీఎస్‌ఎంటీలో, రెండు విమానాశ్రయ టెర్మినళ్లలో స్టేషన్లు ఉన్నాయి. ఏసీ ఉంది, లిఫ్టులు ఉన్నాయి. మీ అమ్మగారికి లోకల్ కంటే అదే సుఖం. మంగళవారం సిద్ధివినాయకలో రద్దీ ఎక్కువ, బుధవారమో గురువారమో పొద్దున్నే పోండి.

జులై అంటే నడివానకాలం. పరేల్ దగ్గర హిందమాత, సయన్, కింగ్స్ సర్కిల్, అంధేరి సబ్‌వే ఏటా మునుగుతాయి. పెద్దవాన, సముద్రపు పోటు ఒకేసారి వస్తే కాలువల నీళ్లు సముద్రంలోకి పోలేక రోడ్ల మీదికి వస్తాయి. పోటు నాలుగున్నర మీటర్లు దాటే రోజుల పట్టిక కార్పొరేషన్ ముందే ఇస్తుంది. ఆ రోజుల్లో పోటు గంటలకు గుడి కార్యక్రమం పెట్టుకోకండి. హాజీ అలీ దర్గా దారి కూడా పోటు సమయంలో నీళ్లలో ఉంటుంది. తిరుగు రైలు ఉన్న రోజు వాన పడితే ఐదారు గంటల ముందే స్టేషన్‌కు చేరండి. ఆ నాలుగు నెలలు కింది అంతస్తు గదులు చెమ్మ వాసన కొడతాయి, లిఫ్ట్ ఉన్న పైఅంతస్తు అడగండి. ఫోర్ట్, దాదర్‌లలో పాత భవనాల లాడ్జీలు కొన్ని మూడో అంతస్తులో ఉండి లిఫ్ట్ లేనివి కూడా ఉంటాయి.

తెల్లవారుజామున దిగితే రూము ఇస్తరా? ఒరిజినల్ ఆధార్ కావాల్నా? – ఒక పాఠకుడు, నకిరేకల్

కొన్ని హోటళ్లు మధ్యాహ్నం 12కో 2కో ఇస్తాయి, కొన్ని లాడ్జీల్లో దిగిన గంట నుంచి 24 గంటల లెక్క. తెల్లవారుజామున దిగేవాళ్లకు 24 గంటల లెక్క ఉన్నవే లాభం. లేకపోతే స్టేషన్ క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టి, ముఖం కడుక్కొని, బయట తిరిగి రండి. క్లోక్‌రూమ్‌లో తాళం లేని సంచి తీసుకోరు, రైలు టికెట్ చూపించాలి. ఒక్క రాత్రి ఆగాల్సిన ఒంటరి మనిషికి ముంబయి సెంట్రల్ స్టేషన్‌లోని పాడ్ హోటల్ (ఒక్క మనిషి పడుకునేంత చిన్న గదులు) సరిపోతుంది. స్టేషన్ రిటైరింగ్ రూములు పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో దొరుకుతాయి.

దిగే ప్రతి పెద్దమనిషికీ గుర్తింపు కార్డు ఒరిజినల్ పెట్టుకోండి. జిరాక్స్ చూసి వెనక్కి పంపిన లాడ్జీలున్నాయి. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. బిల్లులో 12 వేస్తే అడగండి. గూగుల్‌లో దొరికిన ఫోన్ నంబరుకు అడ్వాన్స్ పంపే ముందు ఆ నంబరు హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. హోటళ్ల పేర దొంగ నంబర్లు పెట్టి యూపీఐలో పైసలు గుంజేవాళ్లు పెరిగారు. విమానంలో పోతే టికెట్ మీద ఏ విమానాశ్రయమో చూడండి. ఇప్పుడు ఉల్వేలోని నవీ ముంబయి విమానాశ్రయం కూడా ఉంది. అక్కడ దిగే రాత్రికి పన్వేల్, బేలాపూర్, నెరూల్‌లలో ఉండడమే దగ్గర.